ఏడింటి చుక్క

మా ఆయనకి కళ్ళు పోయింది మందు లేక కాదు. మందు మా ఇంట్లోనే ఉంది, ఫ్రిజ్ తలుపులో, గుడ్ల పక్కన. నెల నెలా కొత్త సీసా వచ్చేది, నెల నెలా ఖాళీ సీసా చెత్తబుట్టలోకి వెళ్ళేది. మధ్యలో ఆ మందంతా ఎక్కడికి పోయిందో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబుతాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "పాపం, మీ రాత అలా ఉంది" అని నిట్టూరుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. రాతకి మా ఇంటి అడ్రసు కూడా తెలియదు. చేసిందంతా మేమిద్దరమే.

ఆయన గడియారాల మేస్త్రి. బజారు మలుపులో, మందుల షాపుకీ కుట్టుమిషన్ల షాపుకీ మధ్య, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సినంత ఇరుకు గది మాది. ముందు బల్ల దగ్గర నేను. వచ్చిన గడియారం తీసుకుని, చీటీ రాసి, చిన్న కవరులో వేసి వెనక్కి అందించడం నా పని. వెనక బల్ల మీదికి వంగి ఆయన కూర్చునేవారు. కుడి కంటికి గొట్టం లాంటి చిన్న భూతద్దం బిగించి, ఎడమ కన్ను మూసి, వెంట్రుక కన్నా సన్నని స్ప్రింగుని పట్కారుతో ఎత్తేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే చేశారు, ఊపిరి బిగబట్టి, ఒంటికన్నుతో. ఈ ఒంటికన్ను సంగతి గుర్తుపెట్టుకోండి. మా కొంప ముంచింది అదే.

గడియారం తెచ్చిన వాళ్ళకి ఆయన ఒక పాఠం చెప్పేవారు. నడుస్తోంది కదా అని వదిలెయ్యకండి అనేవారు. లోపల నూనె ఆరిపోయినా గడియారం నడుస్తూనే ఉంటుందట, టైమూ సరిగ్గానే చూపిస్తుందట, కానీ లోపల ఇరుసులు అరిగిపోతూ ఉంటాయట. ఆగిపోయాక తెస్తే ఎవరూ ఏం చెయ్యలేరని వేలు ఆడిస్తూ చెప్పేవారు. ఈ పాఠం రోజుకి రెండుసార్లయినా నా చెవిన పడేది. ఎదుటివాడికి చెప్పేందుకే నీతులున్నాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

జబ్బు బయటపడింది కూడా అనుకోకుండానే. పేపరు చదవడానికి కళ్ళజోడు కావాలని వెళ్ళాం. డాక్టరమ్మ కంట్లోకి గాలి కొట్టే మిషన్‌తో చూసింది, మళ్ళీ చూసింది, తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి వెనక నరం ఎండిపోతోందట. చూపు అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుందట, నొప్పి ఉండదట. ఉదయం ఏడింటికి ఒక చుక్క, సాయంత్రం ఏడింటికి ఒక చుక్క, రెండు కళ్ళలోనూ, బతికున్నంత కాలం.

ఎన్నాళ్ళకి తగ్గుతుందని ఆయన అడిగారు. తగ్గదు, పోయిన చూపు రాదు, ఉన్నది పోకుండా ఉంటుందని ఆవిడ చెప్పింది.

"అంటే మందు పనిచేస్తే ఏమీ జరగదన్నమాట" అన్నారు ఆయన.

"ఏమీ జరగకపోవడమే దాని పనండీ" అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

అదే రోజు ఇంకో పరీక్ష చేశారు. గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి కూర్చోవాలి. లోపల ఎక్కడో ఒక వెలుగు చుక్క మెరుస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. మా ఆయన చెవి మామూలు చెవి కాదు. చుక్క మెరిసే ముందు మిషన్ లోపల సన్నగా టిక్కుమంటుందని పసిగట్టారు. ఇక చూడాల్సిన అవసరం ఏముంది, ఆ లెక్కన నొక్కుకుంటూ పోయారు. పరీక్ష చేసే అమ్మాయి కాగితం చూసి, కనిపించే వీలు లేని చోట కూడా నొక్కారు, మళ్ళీ రండి అంది. దారంతా ఆయన మిషన్‌ని ఎలా బోల్తా కొట్టించారో చెబుతూనే ఉన్నారు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. మళ్ళీ రమ్మన్న పరీక్షకి మేం వెళ్ళలేదు.

ఆయనకి సొంత పరీక్ష ఒకటి ఉండేది. పొద్దున్నే షాపు తెరవగానే ఏదో ఒక గడియారం విప్పి, లోపల చెక్కిన నంబరు భూతద్దంతో పైకి చదివేవారు. చీమ తలకాయంత అంకెలు. ఒక్కటి కూడా తప్పేవారు కాదు. ఇది చదివేవాడికి కళ్ళ జబ్బేంటే అని నా వైపు తిరిగి అనేవారు. నాకూ నిజమేననిపించేది. జబ్బు అంచుల్ని తినేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. భూతద్దానికి అంచులతో పనిలేదు, దానికి నడిమధ్యన ఉన్న చూపు చాలు. జబ్బు ఆఖరున ముట్టుకునేది దాన్నే. ఇంత చిన్న సంగతి ముప్ఫై ఏళ్ళు అద్దాలతో బతికిన మాకు తట్టలేదు.

పైగా మా ఆడపడుచు ఉంది. తన అన్నయ్యకి జబ్బని తెలిసి వచ్చి, వాళ్ళమ్మకీ వయసుతోపాటే చూపు తగ్గిందనీ, మందులకి అలవాటు పడితే కళ్ళు సొంతంగా పనిచెయ్యడం మానేస్తాయనీ సెలవిచ్చి వెళ్ళింది. వాళ్ళమ్మకి తగ్గింది ఇదే జబ్బుతోనేమో అని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆయన మాత్రం ఆ రెండో మాటని పట్టుకుని వదల్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. అప్పటికి ఏడాది ముందు నుంచే ఆయనకి ఎడమ పక్కన ఏది పెట్టినా కింద పడేది. నీళ్ళ గ్లాసు, టీ కప్పు, ఒకసారి స్క్రూల డబ్బా. తుఫాను అని పేరు పెట్టాను ఆయనకి. గ్లాసు కుడివైపు పెట్టడం అలవాటు చేసుకున్నాను. తలుపు పక్క స్టూలు తీసేశాను. రోడ్డు దాటేటప్పుడు ఎడమ పక్కన నేను నడిచేదాన్ని. ఎవరూ చెప్పకుండానే ఇల్లంతా ఆయన గుడ్డితనానికి తగ్గట్టు సర్దేశాను, అది గుడ్డితనమని తెలియకుండానే. ఏదీ తగలకపోయేసరికి ఆయనకి అనుమానమే రాలేదు. మొగుణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటున్నానని మురిసిపోయాను. కంటిని మూసేది కూడా రెప్పేనని అప్పుడు తోచలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఉదయం స్నానాల గది తలుపు ఓరగా ఉంది. తువ్వాలు ఇద్దామని వెళ్ళాను. ఆయన సింకు ముందు నిలబడి సీసా తలకిందులు చేసి నొక్కుతున్నారు. "ఒకటి... రెండు" అని లెక్కపెట్టి మూత బిగించారు. తర్వాత కళ్ళ మీద నీళ్ళు చల్లుకుని, మందు కారినట్టు తువ్వాలు కోసం తడుముకున్నారు. నాలుగు నెలల నుంచీ రోజూ నా ముందుకి తడి కళ్ళతో వచ్చి కూర్చున్నది అందుకే. మోసాన్ని కూడా చుక్క ఎక్కువా తక్కువా కాకుండా చేసే మనిషి.

ఆ రోజు షాపు పదకొండింటికి గానీ తెరవలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని తిట్టినంతసేపూ విని అప్పుడు నోరు తెరిచారు.

"చుక్క వేస్తే పదింటి దాకా కంటి ముందు పొగ. ఆ పొగలో స్ప్రింగు ఎలా పట్టుకోను?" అన్నారు. ఇంకేదో అనబోయి ఆగి, గొంతు తగ్గించారు. "అదొక్కటే కాదే. ఆ సీసా చేతిలోకి తీసుకుంటే నేను రోగినని గుర్తొస్తుంది. రోజుకి రెండుసార్లు. తీసుకోని రోజు నాకేం లేదు. నిజంగానే ఏం లేదు."

"నడుస్తున్న గడియారానికి నూనె దేనికని అడిగితే మీరేం చెబుతారు?" అన్నాను.

"నేను గడియారాన్ని కాదు" అన్నారు.

ఆయన భయపడుతున్నారని నాకు అప్పుడు అర్థమైంది. భయం ముందు నా కోపం చల్లారిపోయింది, అదే నేను చేసిన తప్పు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పొగ సంగతి చెబుదామన్నాను. చెబితే ఇన్నాళ్ళూ వెయ్యలేదని తెలిసిపోతుంది, చిన్నపిల్లాణ్ణి తిట్టినట్టు తిడుతుంది, నేను రాను అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి ఒక రాజీకి వచ్చాం. ఉదయం చుక్క మానేద్దాం, సాయంత్రం ఏడింటి చుక్క మాత్రం నా చేత్తో వేస్తాను. సగం మందైనా లోపలికి పోతుంది కదా అనుకున్నాను, సగం మందుకి సగం చూపు మిగులుతుందన్నట్టు.

రెండు వారాలు నిక్కచ్చిగా వేశాను. తర్వాత ఎవరో ఇంటికొచ్చారని ఒకరోజు తప్పింది. నాకు తలనొప్పని ఒకరోజు తప్పింది. మాటా మాటా అనుకుని ఎడమొహం పెడమొహంగా కూర్చున్న సాయంత్రాలు ఉండనే ఉన్నాయి. ఒకసారి ఆయన నన్ను కస్టమరు ముందు కసురుకున్నారు. ఆ సాయంత్రం ఏడు కొట్టడం నేను విన్నాను. మా ఇంటి గోడకున్న పదిహేను గడియారాలూ కొట్టాయి. కదల్లేదు. పోతే పోనీ అనుకున్నాను. ఆ మాట నిజంగానే అనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు చుక్కలు వేస్తున్నారా అని ఆవిడ అడిగింది. "తప్పకుండా. రెండు పూటలా" అన్నారు ఆయన. ఆవిడ నా వైపు చూసింది. పరాయి ఆవిడ ముందు మొగుణ్ణి అబద్ధాలకోరుని చెయ్యడం నా వల్ల కాలేదు. తలూపాను. ఒత్తిడి ఏమాత్రం తగ్గలేదని ఆవిడ నుదురు రుద్దుకుంది. వెయ్యని మందు పనిచెయ్యడం లేదని ఇంకో మందు రాసింది. ఫ్రిజ్ తలుపులో సీసాలు రెండయ్యాయి. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే ప్రశ్న, అదే జవాబు, అదే నా తల.

ఇలా ఏడాది పైన గడిచింది. ఒకరోజు ఆయన కుడి రెప్ప మీద కురుపు లేచింది. షాపులో ఉండగానే నొప్పి ఎక్కువైంది. కెటిల్‌లో నీళ్ళు కాచి, దూది ముంచి పిండి, ఆయన కుర్చీ దగ్గర నిలబడి కుడి కన్ను మీద పెట్టి అదిమాను. ఉదయం పదకొండు గంటలు. షట్టరు కింద నుంచి ఎండ సగం గదిలోకి వచ్చింది. ఆయన నెత్తి మీద ట్యూబులైటు వెలుగుతోంది.

"లైటెందుకు ఆర్పావు?" అన్నారు.

"ఆర్పలేదండీ" అన్నాను.

"మరి కరెంటు పోయిందా?"

నా చేతిలో దూది వేడిగా ఉంది. దూది తీశాను. ఆయన తలెత్తి లైటుని చూశారు, నన్ను చూశారు. తర్వాత తన అరచేత్తో కుడి కన్ను మూసుకున్నారు. తీశారు. మూసుకున్నారు. మళ్ళీ తీశారు. అనుమానం ఉన్న గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుంటారే, అలా. ముప్ఫై ఏళ్ళ నుంచి పనిలో మూసుకునే ఎడమ కన్ను ఎప్పుడు ఆరిపోయిందో ఆయనకే తెలియదు. కుడి కన్ను మూసి చూడాల్సిన అవసరం ఏ రోజూ రాలేదు.

"ఎప్పట్నుంచి?" అని నన్నడిగారు. నీళ్ళ గ్లాసు కుడివైపు ఉంది. నేనే పెట్టాను.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఎడమ కన్ను పూర్తిగా పోయిందని చెప్పింది. కుడి కంట్లో మధ్యన తాళంచెవి రంధ్రమంత చూపు మిగిలిందట. ఇన్ని మందులు వేసినా ఎందుకిలా అయిందో అర్థం కావడం లేదని తనలో తాను అనుకున్నట్టు అంది. అప్పుడు చెప్పాను. సింకు సంగతి, పొగ సంగతి, సాయంత్రాల సంగతి, నేను తల ఊపిన సంగతి, అన్నీ. ఆయన నేల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆవిడ తిట్టలేదు. కలానికి మూత పెట్టింది.

"పొగగా ఉందని ఒక్క మాట చెబితే మార్చేదాన్ని. చూపు మసకబారని చుక్కలు ఉన్నాయి" అంది.

తిట్టినా బాగుండేది. ఒక్క మాట. దాన్ని చెప్పడానికి సిగ్గుపడి రెండు కళ్ళు ఇచ్చేశాం.

ఆ రోజు నుంచీ ఆయన వేరే మనిషి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మందు సీసాని పట్టుకున్నారు. అలారం గడియారం ఒకటి ఉదయం ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ మోగేలా సరిచేశారు. అది మోగడానికి పావుగంట ముందే కుర్చీలో మెడ వెనక్కి వాల్చి కూర్చునేవారు. ఉన్న చూపు తక్కువ కాబట్టి ఇంకా గట్టి మందు ఇచ్చారు, అది బాగా మండేది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే "మండుతోంది. పనిచేస్తోంది" అని నవ్వేవారు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పది నెలల్లో ఒక్క చుక్క తప్పలేదు. ముందే ఇలా ఉండి ఉంటే అని అనుకోని రోజూ లేదు. పైకి మాత్రం అనలేదు. అనడానికి నాకేం అర్హత ఉంది?

తాళంచెవి రంధ్రం సూది బెజ్జమైంది. ఆపరేషన్ చేశారు. చూపు నిలబడొచ్చు, ఉన్నదీ పోవచ్చు అని ముందే చెప్పి చేశారు. కట్టు విప్పినప్పుడు ఆయన నన్నొక్కటే అడిగారు, ఇంకా కట్టు ఉందా అని.

షాపు మూసెయ్యలేదు, తెరవడమూ లేదు. ఒకసారి పట్టుబట్టి వెళ్ళి బల్ల ముందు కూర్చున్నారు. పాత కస్టమరు గడియారం ఒకటి మిగిలిపోయింది. వేళ్ళతోనే విప్పారు, స్క్రూలు వరసగా పెట్టారు, నాకూ ఆశ పుట్టింది. స్ప్రింగు దగ్గరికి వచ్చేసరికి పట్కారు కొన జారింది. వెంట్రుకలాంటి ఆ స్ప్రింగు నలిగి ఉండైపోయింది. కళ్ళు పోతే వేళ్ళకే కళ్ళొస్తాయని ఓదార్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. రావు. నేను పక్కనే ఉండి చూశాను. ఆ ఉండని ఆయన నా అరచేతిలో పెట్టి, ఎంత పాడైందో చెప్పమన్నారు. కొంచెమే అన్నాను.

మొన్న సోమవారం చూపించుకోవడానికి వెళ్ళాం. ఆయన్ని లోపల కూర్చోబెట్టి డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఇక రెండు కళ్ళలోనూ వెలుగు కూడా తెలియడం లేదని, నొప్పి రానంతవరకూ ఆ మందులు అనవసరమని చెప్పింది. కళ్ళు ఎండిపోకుండా మామూలు చుక్కలు రాసింది, అవి మండవు. ఈ సంగతి మీరు చెబుతారా, నేను చెప్పనా అని అడిగింది. నేను చెబుతానన్నాను.

చెప్పలేదు. సోమవారం చెప్పలేదు, మంగళవారం చెప్పలేదు. అలారం మోగుతూనే ఉంది. ఆయన మెడ వెనక్కి వాల్చి కూర్చుంటూనే ఉన్నారు. ఆ రెండు రోజులూ పాత సీసాలో అడుగున మిగిలిన మందే వేశాను, బుధవారం ఉదయంతో అదీ అయిపోయింది. ఆ సాయంత్రం ఏడింటికి ఫ్రిజ్ తలుపు తెరిచి, చప్పుడు వినిపించేలా మూసి, పైట కొంగులోంచి కొత్త సీసా తీశాను. ఒకప్పుడు ఆయన కళ్ళ మీద నీళ్ళు చల్లుకుని నా ముందుకి వచ్చినట్టే నేనూ వెళ్ళాను.

కుడి కన్ను తెరిచి చుక్క వేశాను.

"ఒకటి" అన్నారు ఆయన. మంట కోసం ఎదురుచూశారు. కనుబొమలు ముడిచి, విప్పారు. "మండలేదు."

మందు మారిందని చెప్పాను. గోడ మీద గడియారాలు కొట్టుకుంటున్నాయి. తడుముకుంటూ చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు.

"మందు సింకులో పోస్తున్నావా?" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. తను చేసిన పనే నేనూ చేస్తున్నానేమో, చేస్తే ఎందుకో తనకి అర్థమవుతుందన్నట్టు అడిగారు. కోపంగా అడిగి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేదాన్ని.

"లేదండీ" అన్నాను. "మండే మందు ఇక అక్కర్లేదన్నారు."

ఆయన వేళ్ళు నా మణికట్టు మీద అలాగే ఉన్నాయి. చాలాసేపటికి వదిలారు. లేచి వెళ్ళిపోతారనుకున్నాను, అరుస్తారనుకున్నాను. ఆయన మెడ మళ్ళీ వెనక్కి వాల్చారు, ఎడమ రెప్పని తన వేలితో తనే పైకి లాగి పట్టుకున్నారు.

"ఇంకో కన్ను మిగిలింది. వెయ్యి" అన్నారు.

వేశాను. చుక్క కంట్లో పడి, చెంప మీదుగా జారి, చెవి దాకా వెళ్ళింది.

"రెండు" అని ఆయనే లెక్కపెట్టారు.